మంట లేని పొయ్యి

మా మామయ్య ఒక పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట మేస్త్రిగా చేసి రిటైరయ్యారు. అక్కడ ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాళ్లు లేరు, అందరికీ ముక్కు మేస్త్రే. షిఫ్టు మొత్తానికి వండిన కూరైనా సరే, అరచేతిలో వేసుకుని రుచి చూడటం ఆయనకు ఇంటా వంటా లేదు. మూత తీస్తారు, ఆవిరిలోకి వంగుతారు, కళ్లు మూసుకుంటారు. "ఉప్పు చాల్లేదు" అన్నారంటే చాలలేదన్నమాటే. రుచి చూసి చెప్పడానికి వంటవాడెందుకు, ఆ పని తినేవాడూ చేస్తాడని ఆయన వాదన. రిటైరయ్యాక ఆ ముక్కునూ, క్యాంటీన్ వాళ్లు కానుకగా ఇచ్చిన అల్యూమినియం గిన్నెనూ వెంటబెట్టుకుని మా వంటింట్లో స్థిరపడ్డారు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒకటి రెండుసార్లు గరిటె పట్టుకోబోయాను. "నీకెందుకమ్మా ఈ శ్రమ" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో ఎంత మర్యాద ఉందో అంత తాళం కూడా ఉంది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

నేను బట్టలు కుట్టే కంపెనీలో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తాను. కుట్టు ఎక్కడ వంకరపోయిందో, ఏ గుండీ వదులుగా ఉందో పట్టుకోవడమే నా ఉద్యోగం. మా ఆయన లిఫ్ట్ మెకానిక్. ఎక్కడ లిఫ్ట్ ఆగిపోతే అక్కడికి పరుగు. కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఉండేది మామయ్య, మా నాలుగేళ్ల కూతురు. ఆ పిల్ల చేష్టలకు తగ్గట్టు దాన్ని అందరం పిడుగు అనే పిలుస్తాం.

ఆ ఏడు వానలతో పాటు జ్వరం కూడా మా మెట్లెక్కి వచ్చింది. ముందు పిడుగుకు, తర్వాత నాకు, తర్వాత మా ఆయనకు, ఆఖరికి మామయ్యకు. ఒకరి తర్వాత ఒకరం లేచాం. మామయ్య కూడా లేచి, గడ్డం గీసుకుని, నేరుగా వంటింట్లోకి వెళ్లారు. కానీ అప్పట్నుంచి కూరల్లో ఏదో తేడా. ఒకరోజు ఉప్పు ఎక్కువ, ఒకరోజు అసలు లేదు. జ్వరం పడ్డ నోళ్లు కదా, మన నాలుకలే చచ్చిపోయాయనుకున్నాం. తప్పులు పట్టే ఉద్యోగం చేస్తూ నేనూ అలాగే అనుకున్నాను. ముక్కు మేస్త్రిని అనుమానించడమేమిటి!

ఒకరోజు కంపెనీలో మిషన్ల గదిలోకి వాన నీళ్లు వచ్చాయని మధ్యాహ్నానికే మమ్మల్ని పంపించేశారు. తడిసి ముద్దై మెట్లెక్కుతున్నాను. మాది మూడో అంతస్తు. రెండో అంతస్తు మలుపు తిరిగేసరికి గ్యాసు వాసన గుప్పుమంది. ఎవరింట్లోనో అనుకుంటూనే రెండేసి మెట్లు ఎక్కేశాను. మా తలుపు తీసేసరికి వాసన మొహాన కొట్టింది.

కిటికీలన్నీ వానకు మూసి ఉన్నాయి. హాల్లో బల్ల కింద పిడుగు బొమ్మలకు స్నానం చేయిస్తోంది. వంటింట్లో మామయ్య వీపు నావైపు ఉంది. పాలు పొంగి మంటను ఆర్పేశాయి. పొయ్యి మీట మాత్రం తెరిచే ఉంది. బయట రేకు మీద పడుతున్న వాన చప్పుడులో గ్యాసు బుస వినబడటం లేదు. మామయ్య పాలగిన్నెను కొంచెం పక్కకు జరిపి, చేతిలో లైటరు పట్టుకుని, మళ్లీ వెలిగించడానికి వంగుతున్నారు.

"వద్దు!" అని అరిచాను.

ఆ ఇంట్లో ఆయన మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి. ఒక్క అంగలో వెళ్లి లైటరు లాక్కున్నాను. మీట కట్టేశాను. సిలిండర్ మీద నుంచి రెగ్యులేటర్ ఊడబీకాను. నా తడి బట్టలు చూసి ఫ్యాన్ వేయబోతున్న ఆయన చెయ్యి పట్టుకుని "స్విచ్ ముట్టుకోకండి" అన్నాను. కిటికీలన్నీ బార్లా తెరిచి, పిడుగును చంకన వేసుకుని మెట్ల మీదకు పరిగెత్తాను. మామయ్య నా వెనకే వచ్చారు.

"ఏమైందమ్మా?" అని అడిగారు.

నిజంగానే అడిగారు. ఇల్లంతా గ్యాసుతో నిండిపోయి ఉంటే, అల్లంత దూరం నుంచి ఉప్పు పసిగట్టే మనిషి, ఏమైందని నన్నడుగుతున్నారు. గ్యాసు కన్నా ఆ ప్రశ్నకే ఎక్కువ భయపడ్డాను.

"మామయ్యా, మీకు వాసన రావట్లేదా?"

"కొంచెం పడిశం చేసింది."

పిడుగు నా మెడ పట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆయన మెట్టు మీద కూర్చున్నారు.

"జ్వరం పోయింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదమ్మా" అన్నారు. "డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాను. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడు. ఉల్లిపాయ కోస్తే కళ్లల్లో నీళ్లొస్తున్నాయి. అంతే. వాసన లేదు."

"మీ అబ్బాయితో చెప్పాలి కదా..."

"వాడికి మాత్రం చెప్పకు" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టు వదల్లేదు. "చెప్తే గరిటె నా చేతికివ్వరు. పిల్లను నా దగ్గర వదలరు. ఇక నేనెందుకు? ఒట్టెయ్యి తల్లీ."

వేశాను. వెయ్యకుండా ఉండాల్సిందని మీరనొచ్చు. ఆ చెయ్యి మీరు పట్టుకోలేదు.

"కానీ ఒక్క మాట" అన్నాను. "ఆ పొయ్యి మీరిక ముట్టుకోకూడదు. వేరే పొయ్యి తెస్తాను. గ్యాసు లేనిది."

"తెచ్చేదాకా?"

తెచ్చేదాకా నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది. మామయ్యకింకా నీరసం తగ్గలేదని మా ఆయనతో చెప్పి, రోజూ పొద్దున్నే అందరికీ నేనే వండి పెట్టి, వెళ్లేటప్పుడు రెగ్యులేటర్ ఊడదీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకునేదాన్ని. ఆయన మాట మీద నమ్మకం లేక కాదు. చేతికి అలవాటైన పని మనసును అడిగి చేయదు కదా! కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను రోజూ సంచులు తెరిచి చూస్తాడు. మొదటి రోజు దాన్ని బయటికి తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటమ్మా?"

"రిపేరుకివ్వాలి."

రెండోరోజు "ఇంకా ఇవ్వలేదా?" అన్నాడు. మూడోరోజు నుంచి అడగడం మానేసి, నన్ను చూడగానే పక్కవాడిని మోచేత్తో పొడవడం మొదలుపెట్టాడు.

ఒక పొద్దున నేను రెగ్యులేటర్ సంచిలో వేసుకుంటుంటే మామయ్య తలుపు దగ్గర నిలబడి, "నా చెయ్యి తీసి సంచిలో వేసుకుపోతున్నట్టుందమ్మా" అన్నారు. నేను తలెత్తలేదు. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది.

మా ఆయనకు వేరే కథ చెప్పాను. నాకు గ్యాసంటే భయం పట్టుకుందని, నిద్రపట్టడం లేదని, ఇండక్షన్ పొయ్యి కావాలని.

"నిన్నమొన్నటిదాకా వంటింటి మొహం చూడని మనిషికి పొయ్యి భయమా?" అని ఆయన పగలబడి నవ్వారు. "వానాకాలం కరెంటు సంగతి తెలుసుగా? లిఫ్టుల్లో ఇరుక్కున్న జనాన్ని రోజూ బయటికి లాగుతున్నాను. రేపు కూరను కూడా లాగాలా?"

"నాకు కావాలి అంతే."

మొండిదాన్నని పేరు ఎప్పట్నుంచో ఉంది. ఇప్పుడు పనికొచ్చింది.

ఆ ఆదివారం నేనూ మామయ్యా దుకాణానికి వెళ్లాం. టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి నల్లగా నిగనిగలాడే పలక ఒకటి ముందు పెట్టాడు. మీటల్లేవు, గాజు మీద బొమ్మలున్నాయి.

"ఇలా వేలు ఆనిస్తే చాలు సార్. పాలకొకటి, సూపుకొకటి, వేపుడుకొకటి."

"పాలకొక బొత్తమా?" అన్నారు మామయ్య. "పాలు పొంగబోతున్నాయని దీనికెలా తెలుస్తుంది?"

"అదే తెలుసుకుంటుంది సార్. దానంతటదే ఆగిపోతుంది."

మామయ్య ఆ పలకకేసి, తన కుర్చీలో కొత్తగా చేరినవాడిని చూసినట్టు చూశారు. తర్వాత పక్కనున్న నీళ్ల సీసాతో వేళ్లు తడుపుకుని ఒక బొమ్మ మీద నొక్కారు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కారు. పక్క బొమ్మ వెలిగింది.

"వంటింట్లో పొడి చేతులతో ఎవడుంటాడు బాబూ? తిప్పే మీటున్నది చూపించు. ఎంత తిరిగిందో వేలికి తెలియాలి."

మీటున్నది తెచ్చాడు. తక్కువ రకం అన్నట్టు మొహం పెట్టి, ఒక అయస్కాంతం ముక్క కూడా ఇచ్చాడు. అది అంటుకునే గిన్నెలే దీని మీద పనికొస్తాయట. మామయ్య సంచిలోంచి క్యాంటీన్ గిన్నె బయటికి తీశారు. అయస్కాంతం నిలవలేదు, జారి కింద పడింది. ఇంటి నుంచి తెచ్చిన ఇనుప మూకుడికి మాత్రం టక్కున అంటుకుంది. ఆయన క్యాంటీన్ గిన్నెను మళ్లీ గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నారు.

"ఇంకొక జాగ్రత్త మేడమ్" అన్నాడు అబ్బాయి. "దీనికి లావు పిన్నుల ప్లగ్గే వాడాలి. వైరు మాడిన వాసన ఏదైనా వస్తే వెంటనే ఆపేయండి."

మామయ్య పైకి చూస్తూ దుకాణం సీలింగ్ ఫ్యాన్‌ను పరీక్షించడంలో పడ్డారు. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఉన్నాం.

"వాసన రాకపోతే?" అన్నాను. "అంటే... నాకు ఎప్పుడూ జలుబు. నా ముక్కు పనిచేయదు."

"మీలాంటివాళ్లకే ఇది మంచిది మేడమ్. గిన్నె తీసేస్తే ఆగిపోతుంది. గిన్నె మరీ వేడెక్కినా ఆగిపోతుంది. పిల్లలు ముట్టుకోకుండా తాళం కూడా ఉంది. మంట లేదు, గ్యాసు లేదు. ప్లగ్గు ఒక్కటి మంచి ఎలక్ట్రీషియన్‌తో వేయించుకోండి చాలు."

ఆ అబ్బాయికి దణ్ణం పెట్టాలనిపించింది. దుకాణం బయటికొచ్చాక మామయ్య పొయ్యి అట్టపెట్టెను తనే ఎత్తుకున్నారు. కొంత దూరం నడిచాక "నీ ముక్కు బంగారంలాంటిదమ్మా. అలా చెప్పకు" అన్నారు.

దీపం కింద చీకటన్నట్టు, ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మా ఆయన మా వంటింటి ప్లగ్గును ఏళ్లుగా పట్టించుకోలేదు. తిట్టుకుంటూనే మార్చారు. సిలిండర్‌ను బాల్కనీలోకి తోసి పైన పట్టా కప్పారు. రెగ్యులేటర్ ఏదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అది నా సంచిలోనే ఉండిపోయింది. తీసి ఎక్కడ పెట్టినా మామయ్య కంట పడుతుందని నా భయం.

ఇక కష్టాలు తీరినట్టే అనుకున్నాను. అసలు కష్టం అప్పుడే మొదలైంది. ఆయన వంటంతా మంటను చూస్తూ, ఆవిరిని పీలుస్తూ నేర్చిన వంట. ముక్కును జ్వరం తీసుకుపోయింది, మంటను నేను తీసేశాను. గాజు మీద మూకుడు పెట్టి ఆయన అటూ ఇటూ వంగి చూసేవారు, ఎక్కడ ఏమి జరుగుతోందో తెలియక. ఉల్లిపాయలు మాడిపోయేవి. గుడ్లు రబ్బరయ్యేవి. ఒకసారి ఖాళీ మూకుడు పెట్టి మరిచిపోతే, నూనె జిడ్డు పొగలు కక్కి, పొయ్యి కీచుమని అరిచి ఆగిపోయింది. "నిప్పు లేనిదే పొగ రాదంటారు. అదీ అబద్ధమైపోయింది" అని ఆయన నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది. "ఆడలేక మద్దెల ఓడనే రకాన్ని కాదమ్మా నేను. కానీ కళ్లూ ముక్కూ కట్టేసి వండమంటే ఎలా?"

మా ఆయన రోజూ కంచం ముందు విసుక్కోవడం మొదలుపెట్టారు. "నీ సరదా కోసం మా నాన్న వంట చెడగొట్టావు" అన్నారొకరోజు. అప్పుడే మామయ్య నీళ్ల చెంబు తేవడానికి లేచి వెళ్లారు. కక్కలేక మింగలేక అంటారే, నా పరిస్థితి సరిగ్గా అదే. చెబుదామంటే ఒట్టుంది. చెప్పకపోతే ఆ గ్యాసు ఎప్పుడో ఒకరోజు బాల్కనీలోంచి తిరిగి వంటింట్లోకి నడిచొస్తుంది.

వచ్చింది. వానలు తగ్గుముఖం పట్టిన ఒక ఆదివారం మామయ్యను చూడటానికి బక్కోడు వచ్చాడు. క్యాంటీన్‌లో ఆయన చేతికింద పని నేర్చుకుని, ఇప్పుడు అక్కడ తనే మేస్త్రి అయినవాడు. పేరుకే బక్కోడు, మా తలుపులో పక్కకు తిరిగితే గానీ పట్టలేదు. మేస్త్రి చేతి భోజనం లేకుండా కదలనన్నాడు. మామయ్య మూకుట్లో బంగాళాదుంపల కూర వేశారు. ఆ రోజు ఆయన మీట మీద చెయ్యి తీయలేదు, మూకుడి మీద చెవి తీయలేదు. వేగే చప్పుడును బట్టి వండటం అప్పుడప్పుడే పట్టుబడుతోంది. నాకూ ఊపిరాడింది.

కూర సగంలో ఉండగా కరెంటు పోయింది.

"నేను మొదటి రోజే చెప్పాను" అంటూ మా ఆయన లేచారు. సిలిండర్ లోపలికి లాక్కొచ్చారు, పాత పొయ్యిని అటక మీంచి దించి తుడిచారు. "రెగ్యులేటరేది?"

అరలన్నీ వెతుకుతున్నారు.

"అమ్మ సంచిలో ఉంటుంది నాన్నా" అంది పిడుగు హుషారుగా. "అమ్మ రోజూ ఆఫీసుకు తీసుకెళ్తుందిగా!"

మా ఆయన సంచి తెరిచి దాన్ని బయటికి తీశారు. నాకేసి చూశారు. బక్కోడు గోడ మీది క్యాలెండర్ చూడటం మొదలుపెట్టాడు.

"రోజూ దీన్ని మోసుకు తిరుగుతున్నావా? ఎందుకు? మా నాన్న ఇల్లు తగలబెడతాడనా?" గొంతు పెరిగింది. "జన్మంతా నిప్పు ముందు నిలబడ్డ మనిషిని నువ్వు అనుమానిస్తావా? ఇంతకాలం ఆయనకు ఎలా ఉండి ఉంటుంది?"

మామయ్య పొయ్యి గట్టు దగ్గర నిలబడి మూకుడి మూతకేసి చూస్తున్నారు.

"రేపట్నుంచి గ్యాసు మీదే వండు నాన్నా" అన్నారు మా ఆయన. రెగ్యులేటర్ సిలిండర్ మీద టక్కున కూర్చుంది. "ఆ పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తాను. ఈవిడ భయాలు ఈవిడనే ఉంచుకోమను."

రేపు సోమవారం. నేను పనికెళ్తాను. పిడుగు ఇంట్లో ఉంటుంది. కిటికీలు మూసి ఉంటాయి. నా ఒట్టు గట్టున పెట్టి అంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. మామయ్య అప్పటికే మంట వెలిగించి మూకుడు దాని మీదకు మార్చారు. నీలం మంట చుట్టూ లేచింది. చాలాకాలానికి ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు ఆయన ఆ మంటను చూశారు. ఆయన ఇక చెప్పరనిపించింది. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

వాతావరణం తేలిక చేద్దామని కాబోలు బక్కోడు లేచొచ్చాడు. "మేస్త్రీ, మీరు మూత తీసి చెప్పడం చూసి చాలాకాలమైంది. మా కుర్రాళ్లకు చెప్తే కోతలంటున్నారు. ఒక్కసారి కానివ్వండి."

మామయ్య గుడ్డ తీసుకుని మూత పట్టుకున్నారు. ఆవిరి లేచింది. వంగారు, కళ్లు మూసుకున్నారు. ఎప్పటికన్నా ఎక్కువసేపే వంగి ఉన్నారు. తర్వాత నిటారుగా నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా అన్నారు.

"అమ్మాయ్, నువ్వొచ్చి చూడమ్మా. నాకు వాసన రావట్లేదు."

బక్కోడు నవ్వాడు. "పడిశమా మేస్త్రీ?"

"పడిశం కాదురా. వానలు మొదలైనప్పుడు పోయింది, మళ్లీ రాలేదు. గ్యాసు వదిలేసి లైటరు నొక్కబోయాను. పిల్ల ఇంట్లోనే ఉంది. ఈ అమ్మాయి సమయానికి వచ్చింది." కొడుకు వైపు తిరిగారు. "దాన్నేమీ అనకు. చెప్పొద్దని ఒట్టేయించుకున్నది నేనే."

మా ఆయన వంగి పిడుగును ఎత్తుకున్నారు. అది దింపమని గింజుకున్నా దింపలేదు.

"రా అమ్మా, కూర మాడుతుంది" అన్నారు మామయ్య.

వెళ్లాను. కాపురానికొచ్చాక ఆయన పిలవగా ఆ పొయ్యి ముందు నిలబడటం అదే మొదలు. ఆవిరిలోకి వంగి కళ్లు మూసుకున్నాను.

"ఏమొస్తోంది?"

"ఉల్లిపాయ."

"అది వీధిలో పోయేవాడూ చెప్తాడు. ఇంకా?"

"దుంప ఉడికింది. అడుగున ఇంకా అంటుకోలేదు." మళ్లీ పీల్చాను. "ఏదో తక్కువైంది."

"ఏమిటది?"

"తెలియట్లేదు మామయ్యా."

"తక్కువైందని తెలిసింది కదా. చాలు. దాని పేరు మెల్లగా తెలుస్తుంది." చిటికెడు ఉప్పు తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వే వెయ్యి."

ఆ పూట బక్కోడు మూడుసార్లు వడ్డించుకున్నాడు, వెళ్లేటప్పుడు మేస్త్రి కాళ్లకు దణ్ణం పెట్టి, తర్వాత నాకూ పెట్టబోతే నేను తప్పుకున్నాను. అతను వెళ్లాక మా ఆయన సిలిండర్ మీద నుంచి రెగ్యులేటర్ ఊడదీశారు. ఏం చేస్తారా అని చూస్తున్నాను. నా దగ్గరికొచ్చి, నా సంచి జిప్పు తీసి, దాన్ని లోపల పెట్టి, జిప్పు మూశారు. "నాతో చెప్పాల్సింది" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. మామయ్య అవతల మంట లేని పొయ్యి గాజును తడిగుడ్డతో తుడుస్తున్నారు.

సిలిండర్ ఆ వారంలోనే వెళ్లిపోయింది. మామయ్య మీట తిప్పుతూ, చెవితో వింటూ వండుతున్నారు. మునుపటంత బాగుంటుందని అబద్ధం చెప్పను. వానాకాలాలు చాలా వెళ్లాయి గానీ ఆయన ముక్కు తిరిగి రాలేదు. నేను కంపెనీ నుంచి వచ్చేసరికి కూర దించి, మూత పెట్టి, పక్కన ఉప్పు డబ్బా పెట్టుకుని కూర్చుంటారు. ఎంత ఆలస్యమైనా సరే, పిడుగు ఆకలని గోల చేసినా సరే, నేను చెప్పులు విప్పి వంటింట్లోకి వచ్చేదాకా ఆ మూత తీయరు.